ముందు అన్న ఇంటికి

ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేసేవాళ్లకు ఒక అలవాటు వస్తుంది. మాటలు పొట్టివైపోతాయి. ఐదు తరగతులు ఒకే గదిలో కూర్చుంటే దేన్నీ వివరంగా చెప్పే తీరిక ఉండదు. "కూర్చో." "పలక తియ్యి." "అన్నకి చూపించు." "వెళ్లి ముక్కు కడుక్కుని రా." పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇవే. ఇంటికొచ్చాక కూడా నేను అలాగే మాట్లాడతానని మా ఆవిడ ఫిర్యాదు.

నేను కొండదొరని. మాది పాడేరు వైపు ఒక గ్రామం. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. భీమునిపట్నం డైట్‌లో టీటీసీ చదివి 2002లో ఉద్యోగంలో చేరితే, నాకిచ్చిన బడి కోదుల గూడెంలో ఉంది. అక్కడి పిల్లలు ఇంట్లో కువి మాట్లాడతారు. నాకు కువి రాదు, వాళ్లకు నా తెలుగు రాదు. నేను నేర్చుకున్న మొదటి కువి మాటలన్నీ ఆజ్ఞలే. రా, కూర్చో, తిను, ఏడవకు. ఒక పిల్ల గోడ మూలన కూర్చుని మూడు రోజులు నోరు విప్పలేదు. నాలుగో రోజు వాళ్ల భాషలో "ఇలా రా" అన్నాను. నేను పలికింది తప్పే అయి ఉంటుంది, ఎందుకంటే మిగతావాళ్లు పడీపడీ నవ్వారు. కానీ ఆ పిల్ల లేచి వచ్చింది.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి మార్కు సువార్తలో యాయీరు కూతురి సంగతి చదువుతూ ఒక చోట ఆగిపోయాను. చిన్నప్పటి నుంచి విన్న కథే. పన్నెండేళ్ల పిల్ల చనిపోయిందని అందరూ ఏడుస్తుంటే యేసు లోపలికి వెళ్లి చెయ్యి పట్టుకుని లేపుతాడు. ఆ సువార్త రాసింది గ్రీకులో. అయినా ఆ పిల్లతో ఆయన అన్న మాట మాత్రం అరామిక్‌లోనే ఉంచేశారు. తలీతాకుమీ. చిన్నదానా, లే అని అర్థం. ఆయన ఇంట్లో మాట్లాడిన భాష, ఆ పిల్ల ఇంట్లో మాట్లాడిన భాష అదే. ఆ వెంటనే ఇంకో చిన్న ఆజ్ఞ ఉంది. దాని మీద ప్రసంగాలు నేను ఎక్కువగా వినలేదు. పిల్లకు తినడానికి ఏమైనా పెట్టమంటాడు. చుట్టూ ఉన్న పెద్దవాళ్లంతా ఆశ్చర్యంలో ఉండగా ఆ పిల్ల ఆకలి గుర్తొచ్చింది ఆయనొక్కడికే. ఆ తర్వాతి జనవరిలో, అంటే 2003లో, మన రాష్ట్రంలో బడుల్లో మధ్యాహ్న భోజనం వండటం మొదలైంది. మా గూడెంలో మొదటి రోజు గంజి వార్చిన వాసనకి, బడికి ఎప్పుడూ రాని పిల్లలు కూడా వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డారు. నాకు ఆ మాటే గుర్తొచ్చింది.

యేసు మాటల్లో పెద్ద ఉపమానాలున్నాయి, దీర్ఘ బోధలున్నాయి. నాకు పని పెట్టినవి మాత్రం ఈ చిన్న ఆజ్ఞలే. రండి. చూడండి. భయపడొద్దు. తీర్పు తీర్చొద్దు. అడగండి. క్షమించండి. అర్థం కాలేదని చెప్పి తప్పించుకోవడానికి వీల్లేని మాటలు. మా చర్చి గోడ మీద నీలం రంగుతో ఇలాంటివి రెండు మూడు రాసి ఉంటాయి. గోడ మీద ఉన్నంత కాలం బాగానే ఉంటాయి.

మా నాన్న పెద్దయ్యాక, రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నాడు. ఆయన వాచకం బైబిలే. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివేవాడు. నేను టీటీసీ చదివే రోజుల్లో సెలవులకు ఇంటికొస్తే ఒకసారి అడిగాడు, "కొన్ని చోట్ల చివర 'ము' వస్తాది, కొన్ని చోట్ల 'డి' వస్తాది, ఎందుకురా?" అని. వెళ్లుము, వెళ్లుడి. మనం ఇప్పుడు అలా మాట్లాడం కదా. 'ము' అంటే ఒక్కడికి చెప్పినట్టు, 'డి' అంటే చాలామందికి చెప్పినట్టు అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే 'డి' వచ్చినప్పుడు పక్కోడు చేస్తాడులే అనుకోవచ్చు. 'ము' వస్తే దొరికిపోయినట్టే" అని నవ్వాడు. వ్యాకరణం అంత బాగా చెప్పిన గురువు నాకు డైట్‌లో కూడా దొరకలేదు.

ఇక నా దొంగతనం సంగతి. దొంగతనమని అప్పట్లో నేను అనుకోలేదు.

ప్రాథమిక పాఠశాల పిల్లకు రోజుకు వంద గ్రాముల బియ్యం లెక్క. రిజిస్టరులో ఎంతమంది హాజరైతే అంత బియ్యం, దాన్నిబట్టే పప్పూ కూరా బిల్లు. మా బడికి ఆ బిల్లులు నెలల తరబడి వచ్చేవి కాదు. వండే ఆమె సంతలో అప్పు పెట్టి నూనె, పప్పు తెచ్చేది. సంత రోజు, పోడు పని రోజుల్లో ముప్పై ఒక్కమంది పిల్లల్లో పందొమ్మిది మంది వచ్చేవారు. నేను ముప్పై ఒకటి వేసేవాణ్ణి. పన్నెండుమంది పేరు మీద పన్నెండు వందల గ్రాములు. ఆ బియ్యం నేను ఇంటికి తీసుకెళ్లలేదు. మిగిలింది వండే ఆమెకే వదిలేసేవాణ్ణి, అప్పు తీర్చుకుంటుందని. అందువల్ల నాకు ఇది పాపంలా కాకుండా దయలా కనిపించేది. చిన్న అబద్ధం, పేదరాలికి మేలు. ఆదివారం నిబ్బరంగా ప్రార్థన చేసేవాణ్ణి.

ఒక సంత రోజు పేర్లు పిలుస్తూ, రాని పిల్లల పేర్ల దగ్గర కూడా ఆగకుండా గీత పెట్టుకుంటూ పోతున్నాను. మూడో తరగతి గుంటడు లేచి, "మాస్టారూ, మా చెల్లి రానేదు. ఇంటికాడే ఉంది" అన్నాడు. వాడు ఫిర్యాదుగా అనలేదు. నాకు తెలియదనుకుని సాయం చేస్తున్నాడు. "సరే, కూర్చో" అన్నాను. వాడు కూర్చోకుండా రిజిస్టరు వైపే చూస్తున్నాడు. ఆ ఏడాదే వాడికి అంకెలు నేర్పింది నేను.

అవునంటే అవును, కాదంటే కాదు, అంతకు మించి వద్దని యేసు అంటాడు. ఒట్లు పెట్టుకోవడం గురించి చెబుతూ అన్న మాట అది. ప్రభుత్వ రిజిస్టరులో అవును, కాదు అనే రెండు మాటలే ఉంటాయి. ఒక గీత, ఒక సున్నా. అంత చిన్న ఆజ్ఞకు అంత సరిపడే పుస్తకం ఇంకొకటి లేదనుకుంటాను.

ఇది మన ఉపాధ్యాయులకు ఇంకో కారణంగా చెబుతున్నాను. 2000లో జీవో నంబరు 3 వచ్చింది. ఏజెన్సీలో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని. నాలాంటివాళ్లు చాలామంది దానివల్లే మాస్టార్లమయ్యాం. పైనుంచి వేసిన మాస్టార్లు కొండ ఎక్కరు, బడి కాగితం మీదే నడుస్తుంది అన్నదే కదా అప్పుడు మన పెద్దల గోడు. మన పిల్లల్ని మనవాళ్లయితే చూసుకుంటారన్నారు. నేను కొండ ఎక్కాను, రోజూ ఎక్కాను. ఎక్కి, కాగితం మీద పిల్లల్ని తయారుచేశాను. 2020 ఏప్రిల్లో సుప్రీంకోర్టు ఆ జీవో కొట్టేసిన రోజు మన సంఘాల్లో అందరం బాధపడ్డాం, ఇప్పటికీ బాధే. నాకు ఆ బాధలో ఆ గుంటడి చూపు కూడా కలిసింది. కోర్టు తీర్పుకీ నా రిజిస్టరుకీ సంబంధం లేదని తెలుసు. అయినా కలిసింది.

మర్నాటి నుంచి వచ్చినవాళ్లకే గీత పెట్టాను. వండే ఆమె వారం రోజులు నాతో మాట్లాడలేదు. "నీ దేవుడు నా అప్పు తీరుస్తాడా మాస్టారూ?" అంది. న్యాయమైన ప్రశ్న. రెండు నెలలు ఆ అప్పులో కొంత నా జీతంలోంచి కట్టాను, తర్వాత బిల్లుల కోసం ఆఫీసు చుట్టూ తిరిగాను. హాజరు ఒక్కసారిగా ఎందుకు పడిపోయిందని పై నుంచి సంజాయిషీ అడిగారు. నిజం రాస్తే పాతదంతా బయటపడుతుంది. "సంత రోజు, పోడు కాలం" అని మాత్రమే రాశాను. అది అవునూ కాదు, కాదూ కాదు. అక్కడితో ఆ ఆజ్ఞ నా దగ్గర సగంలో ఆగిందని ఒప్పుకుంటాను.

పెద్ద సంగతి మా అన్నది.

నాన్న దేవుణ్ణి నమ్ముకున్నాడు, నేను ఆయన వెనకే నడిచాను. అన్న నడవలేదు. దాని గురించి ఇంట్లో గొడవ ఎప్పుడూ లేదు. ఆదివారం మేం చర్చికి వెళ్తే అన్న కాఫీ తోటకి వెళ్లేవాడు. ఇటుకల పండక్కి అన్న విత్తనాలు పూజలో పెట్టించి తెచ్చేవాడు, నాన్న వాటినే పొలంలో చల్లేవాడు. నాన్న ఆ విత్తనాల మీద తన ప్రార్థన తాను చేసుకునేవాడు. రెండు ప్రార్థనలు పడిన చోడి మా ఇంట్లో అందరం తిన్నాం.

నాన్న చనిపోయినప్పుడు పాస్టరుగారు వచ్చారు, ప్రార్థన చేసి సమాధి చేశాం. అన్న ఒక పక్కన నిలబడ్డాడు, అడ్డు చెప్పలేదు. పదో రోజు దాటాక పెద్ద దినం చేస్తానన్నాడు. వంశం వాళ్లందరికీ కబురు పెట్టాడు, బియ్యం, మేక తెచ్చాడు. ఇంటికి పెద్ద కొడుకు. అలా చెయ్యకపోతే వంశంలో తలెత్తుకోలేనని అతని బాధ. నాకేమో చర్చిలో తలెత్తుకోలేనని బాధ. ఇప్పుడు రాస్తుంటే ఇద్దరిదీ ఒకే బాధలా ఉంది. అందరూ విస్తళ్ల ముందు కూర్చున్నాక, మా ఇద్దరు మేనత్తలు, మావలు, ఊరి పెద్దలు వింటుండగా నేను నిలబడి, "దయ్యాల కూడు మేం తినం" అని నా పెళ్లాం పిల్లల్ని లేపి తీసుకొచ్చేశాను.

అన్న ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి నన్ను 'మాస్టారు' అని పిలవడం మొదలుపెట్టాడు. ఊళ్లో అందరూ పిలిచేదే. కానీ మా అన్న నన్ను 'ఒరే' అంటాడు, పుట్టినప్పటి నుంచి.

మూడేళ్లు గడిచాయి. చర్చిలో నేను సాక్ష్యం చెప్పేటప్పుడు, "మా అన్న నన్ను దూరం పెట్టినా నేను క్షమించాను" అని చెప్పేవాణ్ణి. అక్కలు కళ్లు తుడుచుకునేవారు. నాకు బాగుండేది.

ఒక ఆదివారం వాక్యం చదివే వంతు నాది. మత్తయి ఐదో అధ్యాయం. కానుక తెచ్చి బలిపీఠం దగ్గర నిలబడిన మనిషికి తన సహోదరుడు గుర్తొస్తే, కానుక అక్కడే వదిలేసి ముందు వెళ్లి సమాధానపడమని ఉంటుంది. ఎన్నోసార్లు చదివిందే. ఆ రోజు నాన్న వ్యాకరణం గుర్తొచ్చింది. అప్పటిదాకా అందరితో 'మీరు' అని మాట్లాడుతున్న యేసు, అక్కడికొచ్చేసరికి 'నీవు' అంటాడు. 'డి' పోయి 'ము' వస్తుంది. తీర్పు తీర్చొద్దన్న చోట కూడా అంతే. మొదటి మాట అందరికీ, కంట్లో దూలం సంగతి వచ్చేసరికి నీకు.

ఇంకోటి అప్పుడే కనపడింది. నీకు నీ సహోదరుడి మీద ఏమైనా ఉంటే అని లేదు అక్కడ. అతనికి నీ మీద ఏమైనా ఉంటే అని ఉంది. మూడేళ్లుగా నేను నా వైపు లెక్క చూసుకుంటున్నాను. నా మనసులో కోపం లేదు కాబట్టి నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన అడుగుతున్నది అన్న దగ్గరున్న లెక్క. అది నేను క్షమించానని చెబితే తీరేది కాదు.

అప్పుడే లేచి వెళ్లానని రాస్తే బాగుండును. వెళ్లలేదు. వాక్యం చదివాను, కానుక సంచి వస్తే పది రూపాయలు వేశాను, ఇంటికెళ్లి అన్నం తిన్నాను. ఇంకో పది నెలలు అలాగే గడిపాను. ఆ పది నెలల్లో ఎవరైనా నన్ను సాక్ష్యం చెప్పమంటే గొంతు బాగాలేదనేవాణ్ణి. అదీ అబద్ధమే.

వెళ్లింది పసుపు ఉడకబెట్టే రోజుల్లో. అన్న పెరట్లో పెద్ద పెనం పొయ్యి మీద ఉంది, పొగ. నన్ను చూసి, "రండి మాస్టారూ" అన్నాడు, కూర్చోమనలేదు. వదిన లోపల్నుంచి గ్లాసుతో అంబలి తెచ్చి ఇచ్చింది. తాగాను. చేతిలో గ్లాసు ఉండటం మంచిదైంది, చేతులు ఏం చెయ్యాలో తెలియని టైము అది.

"అన్నా, ఆ రోజు నేనన్నది తప్పు" అన్నాను.

కర్రతో పసుపు కదుపుతూ అడిగాడు. "అన్న మాట తప్పా, అందరిలో అనడం తప్పా?"

నేను చాలా సిద్ధపడి వెళ్లాను, కానీ దానికి సిద్ధపడలేదు. ఆ మాట నేను ఇంకా నమ్ముతున్నానా లేదా అని అడుగుతున్నాడు. నాన్న కోసం వండిన అన్నం అది. చేసిన చేతులు మా వదినవి. తిన్నవాళ్లు నన్ను ఎత్తుకుని పెంచినవాళ్లు.

"మాటే తప్పు" అన్నాను.

"అందరిలో అన్నావు. ఇక్కడ పొయ్యి దగ్గర చెప్తే ఎలాగ?"

ఆ మాట అని పని చూసుకున్నాడు. నేనింక నిలబడలేక వచ్చేశాను.

చైత్రంలో ఇటుకల పండగ వచ్చింది. మగవాళ్లు వేటకి వెళ్లి రావడం, ఆడవాళ్లు దారికి అడ్డంగా నిలబడి వచ్చేపోయేవాళ్లని డబ్బులడగడం, రాత్రి థింసా, ఇవన్నీ మీకు తెలిసినవే. వంశం అంతా అన్న ఇంటి ముందు చేరిన పూట నేను వెళ్లాను. పూజ దగ్గరికి వెళ్లలేదు. అది నా నమ్మకం, ఇప్పటికీ అంతే. విస్తళ్లు వేశాక, ఆ రోజు ఎక్కడ నిలబడ్డానో దాదాపు అక్కడే నిలబడి, నాన్న దినం రోజు నేనన్న మాట తప్పు, అన్నకూ వదినకూ మీ అందరికీ ముందు చెబుతున్నాను అన్నాను. రెండు ముక్కలే. మా పెద్ద మేనత్త, "సరేలే, కూకో. కూడు చల్లారిపోతంది" అంది. కూర్చున్నాను. తిన్నాను.

ఆ సంగతి ఆదివారానికి ముందే చర్చికి చేరింది. పెద్దలు పిలిచి అడిగారు. పండగ కూడు తిన్నావా అన్నారు. తిన్నానన్నాను. అవునంటే అవును కదా. కొన్ని నెలలు వాక్యం చదివే వంతు నాకివ్వలేదు. వాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు, వాళ్ల భయం నేను ఎరుగుదును, అది నాలో కూడా పెరిగిందే. కానీ వాళ్లు అడిగినదానికి నా జవాబు మారదు. తినాలా వద్దా అన్న దాని మీద విశ్వాసుల్లో వేరు వేరు అభిప్రాయాలుంటాయి, వాదించుకోవచ్చు. అన్న దగ్గరికి వెళ్లాలా వద్దా అన్నదాని మీద మాత్రం అభిప్రాయానికి చోటు వదల్లేదు యేసు.

మన యువకులు నన్ను ఇంకో ప్రశ్న అడుగుతుంటారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. చర్చికి వెళ్తే ఎస్టీ పోతుందా అని. పోదు. 1950 నాటి షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. షెడ్యూల్డు కులాల విషయం వేరు, అక్కడ ఉంది. ఇది మార్చాలని అడిగేవాళ్లు ఉన్నారు, ఆ చర్చ నడుస్తూనే ఉంది. చట్టం సంగతి అది. కానీ చట్టం ఉంచినా, "వాళ్లు దయ్యాలవాళ్లు" అని మనమూ, "వీళ్లు మనవాళ్లు కారు" అని వాళ్లూ అనుకుంటూ పోతే, ఒకే ఇంటి పేరున్న రెండు ఊళ్లు తయారవుతాయి. మా వంశంలో అది మొదలుపెట్టింది నేనే, అందుకని చెబుతున్నాను.

అన్న చర్చికి రాలేదు. వస్తాడని నేనూ అనుకోలేదు. నేను వెళ్లింది అందుకేమో అని మొదట్లో అనుమానపడ్డాడట, వదిన చెప్పింది. 'మాస్టారూ' అనడం ఆ పండగతో ఆగిపోలేదు. విత్తన పసుపు కావాలంటే ఇచ్చాడు, డబ్బులు తీసుకున్నాడు. మా చిన్నవాడికి జ్వరమొస్తే చూడటానికి వచ్చాడు, గుమ్మం బయటే నిలబడి వెళ్లాడు. నేను నాలుగేళ్లు చేసినదాన్ని ఒక పూటలో వెనక్కి తీసుకోమని నేనెలా అడుగుతాను.

పోయిన ఏడాది మిరియాలు అమ్ముకుని సంత నుంచి తిరిగొచ్చేటప్పుడు జీపు కిక్కిరిసి ఉంది. వెనక బల్ల మీద మూటల మధ్య నేను ఇరుక్కుని కూర్చున్నాను. బండి కదలబోతుంటే అన్న పరుగున వచ్చి కమ్మీ పట్టుకున్నాడు, భుజం మీద ఉప్పు మూట. లోపలికి చూశాడు, నన్ను చూశాడు.

"ఒరే, జరుగు" అన్నాడు.

జరిగాను.